సోలార్ గోడ లైటు కొనే ముందు గోడ చూడండి: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం ఇళ్ళకు ఏది నప్పుతుంది

సోలార్ గోడ లైటు కొందామని షాపుకు వెళ్ళినవాళ్ళు ముందు ఎన్ని వాట్లు అని అడుగుతారు, తర్వాత ఎంత అని అడుగుతారు. ఆ రెండూ అడగాల్సినవే. కానీ లైటు బిగించబోయే గోడ మీద పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎండ పడుతుందా లేదా అన్నది తేలకుండా ఎంత మంచి లైటు కొన్నా డబ్బు దండగే. మా వైపు 'పాడైపోయింది' అని మూల పడేసిన సోలార్ లైట్లలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. సజ్జ కిందనో, పోర్టికో లోపలో, కొబ్బరి చెట్టు నీడలోనో బిగించారు, అంతే. రోజూ అరకొర తిండి తిన్న బ్యాటరీ ఏడాది తిరక్కుండానే చతికిలబడింది.

అందుకే ఈ పోలికను లైటుతో కాకుండా ఇంటితో మొదలుపెడుతున్నాను.

అసలు సోలారే కావాలా?

కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశతో కొంటున్నట్టయితే ఒక లెక్క చూడండి. 9 వాట్ల మామూలు ఎల్‌ఈడీ బల్బు రాత్రి 12 గంటలు వెలిగితే 108 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది, అలాంటివి వెయ్యి అయితే ఒక యూనిట్). నెలంతా కలిపి మూడుంపావు యూనిట్ల లోపు. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా నెలకు 20 రూపాయలు దాటదు. పైగా ఆ బల్బు 800 ల్యూమెన్ల (వెలుతురు కొలత) వెలుతురు తెల్లవార్లూ ఇస్తుంది. గోడకు తగిలించే చిన్న సోలార్ లైటు ఏదీ రాత్రంతా అంత వెలుగు ఇవ్వలేదు. కాబట్టి వీధి గుమ్మం పక్కన ఇప్పటికే వైరు ఉంటే అక్కడ మామూలు బల్బే పెట్టుకుని, చీకటి పడగానే తనంతట తాను వెలిగే సెన్సర్ హోల్డర్ ఒకటి కొనుక్కోండి. చవక, నమ్మకం కూడా.

సోలార్ విలువ తెలిసేది వైరు లేని చోట. పెరట్లో బావి దగ్గర, దొడ్డిలో గొడ్లసాల ముందు, గేటు స్తంభం మీద, మేడ మెట్ల మలుపులో. అక్కడికి కరెంటు తీసుకెళ్ళాలంటే గోడ చెక్కాలి, పైపు వేయాలి, ఎలక్ట్రీషియన్ కూలి ఇవ్వాలి. ఆ ఖర్చు ముందు సోలార్ లైటు ధర చిన్నదే. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు తోటల్లోంచి ఇళ్ళ వెనక్కి వచ్చిన సంఘటనలు తెలిసినవాళ్ళకు పెరటి తలుపు తీసేముందు బయట వెలుతురు ఉండటం ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కర్లేదు. వానాకాలంలో పాముల భయం అయితే అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే.

రెండో కారణం తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం వైపు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. స్తంభాలే పడిపోతే ఇన్వర్టర్ మాత్రం ఎన్నాళ్ళు వస్తుంది? అలాంటప్పుడు పగలు కాస్త ఎండ తగిలితే రాత్రికి మళ్ళీ వెలిగే లైటు ఇంట్లో ఒకటి రెండు ఉండటం గొప్ప ధైర్యం. కాకపోతే అందుకు పనికొచ్చేది గోడకు శాశ్వతంగా బిగిసిపోయే రకం కాదు. వెనకాల తాళం రంధ్రం లాంటి గాడి ఉండి, స్క్రూకు తగిలించి పైకి ఎత్తి తీసేసే రకం. కొనేటప్పుడు లైటు వెనక్కి తిప్పి ఒక్కసారి చూడండి.

ఏ గోడకు ఏ రకం

గోడ లైట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, ప్యానెల్, బ్యాటరీ, లైటు అన్నీ ఒకే డబ్బాలో ఉండేది. రెండోది, ప్యానెల్ విడిగా ఉండి మూడు నుంచి ఐదు మీటర్ల వైరుతో లైటుకు కలిసేది. షాపుల్లో ఎక్కువ కనిపించేది మొదటి రకం. మన ఇళ్ళకు ఎక్కువగా కావాల్సింది రెండోది.

ఎందుకో చెబుతాను. శ్రీకాకుళం ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల పైచిలుకు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన నెత్తి మీదికి రాడు, దక్షిణం వైపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే చలికాలమంతా ఉత్తరం గోడ ఇంటి నీడలోనే ఉంటుంది. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు కాబట్టి ఆ గోడకూ ఎండ తగులుతుంది. మన దగ్గర వాస్తు చూసి కట్టే ఇళ్ళు తూర్పు వాకిలి, ఉత్తరం వాకిలి. ఉత్తరం వాకిలి ఇంటివాళ్ళు మే నెలలో లైటు కొని గుమ్మం పక్కన బిగిస్తే బ్రహ్మాండంగా వెలుగుతుంది. దీపావళి దాటాక రాత్రి ఎనిమిదికే ఆరిపోతుంది. కంపెనీని తిట్టుకుంటారు. మారింది లైటు కాదు, సూర్యుడి దారి.

తూర్పు గోడకు పొద్దుటి ఎండ పదకొండు దాకా బాగా వస్తుంది. పడమటి గోడకు మధ్యాహ్నం ఎండ దండిగానే ఉంటుంది కానీ రోహిణి కార్తెలో ఆ గోడ పెనంలా కాలుతుంది, లోపలి బ్యాటరీకి అది మంచిది కాదు. పైగా వేసవి ఆఖర్లో, వానాకాలంలో మబ్బు పట్టేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుంటే తూర్పుకే నా ఓటు. దక్షిణం గోడ అయితే అన్నిటికన్నా మేలు, సజ్జ అడ్డం రాకపోతే.

ఆ సజ్జే అసలు చిక్కు. మన వానలకు సజ్జ లేని ఇల్లు ఉండదు, పెంకుటింటికైతే చూరు కిందికి దిగి ఉంటుంది. లైటు తలమీద అరచేయంత ప్యానెల్, దాని మీద అడుగున్నర సజ్జ. ఇక ఎండ ఎక్కడిది? ఇలాంటి గోడకు విడి ప్యానెల్ రకం తప్ప వేరే దారి లేదు. ప్యానెల్‌ను పిట్టగోడ మీదనో, పెంకుల అంచునో దక్షిణం వైపు 20 డిగ్రీల దాకా వాలుగా పెట్టుకుని, లైటును సజ్జ కింద వాన తగలకుండా బిగించుకోవచ్చు. లైటుకు నీడ, ప్యానెల్‌కు ఎండ, రెండూ దక్కుతాయి. ఆ కాస్త వాలు వల్ల వాన పడ్డప్పుడు దుమ్ము కూడా దానంతటదే జారిపోతుంది.

విడి ప్యానెల్‌కు ఇబ్బందులు లేకపోలేదు. వైరును ఎలుకలు కొరుకుతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో వేలాడే వైరు కనిపిస్తే లాగేస్తాయి. పావు వంతు ఖర్చు పెరిగినా సరే, వైరును సన్నటి పీవీసీ పైపులో వేయించండి. లైటులోకి వైరు దూరే చోట దాన్ని నేరుగా పైనుంచి దించకుండా, కాస్త కిందికి జారవిడిచి మళ్ళీ పైకి తెచ్చి లోపలికి పంపాలి. అప్పుడు వైరు వెంట జారే వాననీరు ఆ వంపు దగ్గరే బొట్టు బొట్టుగా రాలిపోతుంది. ఇంత చిన్న పని చేయక నీళ్ళు లోపలికి చేరి చచ్చిపోయిన లైట్లు బోలెడు.

ఎండ చూసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెట్టి, తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి వెళ్ళి చూడండి. మూడు సార్లలో రెండుసార్లయినా అక్కడ ఎండ ఉండాలి. కొబ్బరాకు నీడ సన్నదే కదా అనుకోవద్దు. ప్యానెల్‌లోని ముక్కలు ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి, ఒక్క ముక్క మీద నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది.

పెట్టె మీద వంద వాట్లు, ప్యానెల్ మీద ఎన్ని?

షాపులో 'ఇది వంద వాట్లు బాబూ' అంటారు. పెట్టె మీద కూడా అలాగే రాసి ఉంటుంది. ఆ మాట నిజమో కాదో జేబులో స్కేలుంటే అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల శక్తి ఇస్తుంది. మంచి మోనో (ఒకే స్ఫటికపు సిలికాన్) ప్యానెల్ అందులో 20 శాతం చుట్టూ కరెంటుగా మారుస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 0.02 వాట్. కాబట్టి ప్యానెల్ పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 50తో భాగించండి. వచ్చేదే ఆ ప్యానెల్ ఇవ్వగల గరిష్ఠ వాట్లు. పొడవు 12, వెడల్పు 8 ఉందనుకోండి. 96ని 50తో భాగిస్తే రెండు వాట్లు కూడా రావు. వంద వాట్లన్నది ఎక్కడినుంచి వచ్చిందో రాసినవాళ్ళకే తెలియాలి.

ఇంకో అడుగు వేద్దాం. మన ప్రాంతానికి ఏడాది సగటున రోజుకు ఐదు గంటల చుట్టూ నిండు ఎండతో సమానమైన వెలుగు వస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో అంతకన్నా బాగా తక్కువ. రెండు వాట్ల ప్యానెల్‌కు ఐదు గంటలంటే 10 వాట్-అవర్లు. గోడకు తగిలించిన కోణం, దుమ్ము, బ్యాటరీలో పోయే నష్టం తీసేస్తే సగం మిగిలిందనుకోండి, 5 వాట్-అవర్లు. ఈ 5ని రాత్రి 12 గంటలకు పంచితే లైటుకు దక్కేది 0.4 వాట్. నలభై, యాభై ల్యూమెన్లు. మెట్లు కనబడతాయి, తాళం రంధ్రం కనబడుతుంది, పేపరు చదవలేం. అదే 5 వాట్-అవర్లను మనిషి వచ్చినప్పుడు మాత్రమే అరనిమిషం పాటు వాడితే నాలుగైదు వాట్లతో వాకిలంతా పట్టపగలు చేయొచ్చు. ఈ లెక్క బుర్రలో పెట్టుకుంటే ఏ పెట్టె మీది రాతలూ మిమ్మల్ని మోసం చేయలేవు.

ఎల్‌ఈడీ చుక్కలు ఎన్ని ఉన్నాయన్నది కూడా పట్టించుకోవద్దు. రెండు వాట్ల ప్యానెల్ వెనక 100 చుక్కలున్నా, 30 చుక్కలున్నా రాత్రికి ఖర్చుపెట్టగలిగేది ఆ ఐదే.

ప్యానెల్ పైపూత కూడా చూడండి. చవక రకాల్లో ప్యానెల్ మీద ప్లాస్టిక్ రెసిన్ పోసి ఉంటుంది. ఎండకు అది ఒకటి రెండేళ్ళలో పచ్చబడి, మసకబారుతుంది. గోరుతో మెల్లగా తట్టితే గాజుకీ ప్లాస్టిక్‌కీ శబ్దంలో తేడా తెలిసిపోతుంది. గాజు ముఖం ఉన్నది వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

బ్యాటరీ: మూడు రకాలు, ఒకటే ప్రశ్న

రెండు మూడు వందల రూపాయల చిన్న లైట్లలో 1.2 వోల్టుల నికెల్ సెల్ ఉంటుంది. టార్చిలైటు సెల్ లాగే కనిపిస్తుంది, సులువుగా మార్చుకోవచ్చు, కానీ నిల్వ చాలా తక్కువ. తులసికోట దగ్గర మిణుకుమనడానికి సరే, పెరటికి కాదు.

ఎక్కువ లైట్లలో ఉండేది 18650 అనే లిథియం అయాన్ సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. 3.7 వోల్టులు, 1200 నుంచి 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్, సెల్ నిల్వకు కొలత). రెండిటినీ గుణించి వెయ్యితో భాగిస్తే నాలుగున్నర నుంచి ఎనిమిది వాట్-అవర్లు. మామూలు వాడకంలో రెండు మూడేళ్ళు వస్తుంది. వేడికి మాత్రం ఓర్చుకోదు.

మూడోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 3.2 వోల్టులు. లావుగా ఉండే 32650 సైజులో 6000 ఎంఏహెచ్ దొరుకుతుంది, అంటే 19 వాట్-అవర్లు. మామూలు లిథియం అయాన్ ఐదారు వందల సార్లు చార్జింగ్‌కే నీరసపడితే ఇది పదిహేను వందలు, రెండు వేలు దాటుతుంది, వేడినీ బాగా తట్టుకుంటుంది. మన వేసవికి, ముఖ్యంగా పడమటి గోడకు, ఇదే సరైనది. విడి ప్యానెల్ ఉన్న మంచి రకాల్లో తరచూ ఇదే ఉంటుంది. అయితే రెండు వాట్ల ప్యానెల్‌కు 19 వాట్-అవర్ల బ్యాటరీ తగిలించి అమ్మేవీ ఉన్నాయి. సన్నటి పంపు కింద గోలెం పెట్టినట్టు, అది ఎప్పటికీ నిండదు. ప్యానెల్ ఒక రోజులో ఇచ్చేదానికి రెండు మూడింతలు బ్యాటరీ ఉంటే చాలు. ముసురు పట్టిన ఒకటి రెండు రోజులు గడుస్తాయి.

ఇక ఆ ఒకటే ప్రశ్న: బ్యాటరీ మార్చుకోవచ్చా? వెనక నాలుగు స్క్రూలు ఉండి, విప్పితే సెల్ కనిపించే లైటు కొనండి. అంచులు గమ్‌తో అతికించేసిన లైటు ఎంత అందంగా ఉన్నా వద్దు. లోపలి సెల్ పోయిన రోజే ప్యానెల్, ఎల్‌ఈడీలు, డబ్బా అన్నీ చెత్తలోకి పోతాయి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఎప్పుడూ వెలిగేదా, మనిషి వస్తేనా?

కదలికను పట్టే సెన్సర్ ఉన్నవాటిలో మామూలుగా మూడు పద్ధతులు ఉంటాయి: మనిషి వస్తేనే వెలగడం, ఎప్పుడూ సన్నగా ఉండి మనిషి రాగానే పెరగడం, రాత్రంతా ఒకే తీరుగా వెలగడం. పెరటికి, గొడ్లసాలకి మొదటిది. మెట్లకి, వీధి అరుగుకి రెండోది. మూడోదాన్ని వానాకాలంలో వాడితే అర్ధరాత్రికే చీకటి.

ఈ సెన్సర్ ఒంటి వేడిలోని తేడాను బట్టి కదలికను పసిగడుతుంది. అందుకే మే నెల రాత్రి గోడలు, నేల ఇంకా వేడిగా ఉన్నప్పుడు కాస్త మొద్దుబారుతుంది, ఆరు మీటర్ల దూరం పట్టేది మూడు నాలుగుకు వస్తుంది. అది లోపం కాదు. ఇంకో సంగతి, దానికి ఎదురుగా నడిచి వచ్చే మనిషికన్నా అడ్డంగా దాటే మనిషి బాగా తెలుస్తాడు. కాబట్టి గేటుకు సూటిగా ఎదురుగా కాకుండా, దారి పక్క గోడకు, రెండు నుంచి రెండున్నర మీటర్ల ఎత్తులో బిగించండి. గొడ్లసాలకైతే ఆవు తోక ఊపినప్పుడల్లా వెలగకుండా సెన్సర్ మొహం దారివైపు తిప్పుకోవాలి.

వెలుగు రంగు విషయంలో మన దగ్గర అందరూ తెల్లటిదే అడుగుతారు. 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) తెల్ల వెలుగు పురుగుల్ని బాగా లాగుతుంది. తొలకరి పడ్డాక ఉసిళ్ళు లేచిన సాయంత్రం ఆ లైటు కింద గుమ్మం ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. 3000 కెల్విన్ పసుపు వెలుగుకు పురుగుల రాక తగ్గుతుంది. గుమ్మం దగ్గర పసుపు, గేటు దగ్గర తెలుపు, ఇది నా సలహా.

బారువ, భావనపాడు, కళింగపట్నం లాంటి చోట్ల సముద్రం వైపు మొహం ఉన్న ఇళ్ళవాళ్ళకు ఒక మనవి. చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్లలు వెలుతురున్న దిక్కుకే పాకుతాయి. ఒడ్డున తెల్లటి లైట్లు వెలుగుతుంటే సముద్రం వదిలి ఊరివైపు వచ్చి చచ్చిపోతాయి. ఆ నెలల్లో సముద్రం వైపు లైటు పసుపుదై, కిందికి వాలి, మనిషి వచ్చినప్పుడే వెలిగేలా ఉండాలి. లేదా ఆపేయాలి.

ఉప్పు గాలి, నీళ్ళు

దుమ్ము, నీళ్ళను ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఐపీ; ఐపీ65 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదని, పైపుతో కొట్టిన నీటినీ తట్టుకుంటుందని అర్థం. ఐపీ44 తుంపరలకే. ఈదురుగాలితో పక్కనుంచి కొట్టే మన వానకు 65 కన్నా తక్కువది బయట గోడకు పనికిరాదు, సజ్జ కిందైతే 44 సరిపోతుంది. కానీ ఆ అంకె ఉప్పు గురించి ఏమీ చెప్పదు. పూసపాటిరేగ, భోగాపురం, గార, సోంపేట, కవిటి మండలాల్లో సముద్రం దగ్గరున్న ఊళ్ళలో ఐపీ65 లైటుకు కూడా స్క్రూలు ఏడాదిలో తుప్పుపట్టి, రబ్బరు సడలి, ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయి. పెట్టెలో వచ్చే స్క్రూలు పక్కన పడేసి స్టెయిన్‌లెస్ స్టీలువి కొనుక్కోండి. ఉప్పును బాగా తట్టుకునే 316 రకం దొరికితే ఇంకా మంచిది, పది ఇరవై రూపాయల తేడా. రంగు వేసిన ఇనుప డబ్బా వద్దు, మందమైన ప్లాస్టిక్ నయం. విడి ప్యానెల్ వైరు కలిసే పిన్ను దగ్గర కాస్త వాజ్‌లైన్ పూస్తే పచ్చటి చిలుము పట్టదు.

బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి లాంటి లోపలి ఊళ్ళకు ఉప్పు సమస్య లేదు. అక్కడ దుమ్ము. రైస్ మిల్లు దగ్గర ఊక బూడిద, టెక్కలి వైపు గ్రానైటు పొడి, పలాసలో జీడి బట్టీల పొగ మసి. ఈ ఊళ్ళకు ప్యానెల్ చేతికందే ఎత్తులో ఉండటమే మిగతా అన్నిటికన్నా ముఖ్యం. తుడవలేని చోట పెట్టిన ప్యానెల్‌ను ఎవరూ తుడవరు.

ఇంటిని బట్టి నేను చెప్పేది ఇది. ఉత్తరం వాకిలి ఇల్లు, లేదా సజ్జ ఉన్న ఏ గోడైనా: విడి ప్యానెల్, ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ధర వెయ్యి దాటినా అదే. తూర్పు, దక్షిణం వైపు తెరిపిగా ఉన్న ప్రహరీ గోడ, గేటు స్తంభం: ఒకే డబ్బాలో ఉండే సెన్సర్ లైటు, గాజు ప్యానెల్, 18650 సెల్. అద్దె ఇల్లు: స్క్రూకు తగిలించి తీసేసేది. రెండు మూడు వందల చిన్న లైట్లు అలంకారానికి తప్ప కొనొద్దు, నాలుగు కొనే డబ్బుతో మంచిది ఒకటి వస్తుంది.

బిగించాక చూసుకోవాల్సినవి

వీధి లైటు వెలుతురు పడే చోట బిగించొద్దు. చాలా లైట్లు చీకటి పడిందని ప్యానెల్ ద్వారానే తెలుసుకుంటాయి, వీధి లైటు పడుతుంటే ఇంకా పగలే అనుకుని వెలగవు. కొన్న రోజు అలాగే ఒకటి రెండు రోజులు నిండు ఎండ తగలనిచ్చి అప్పుడు వాడటం మొదలుపెట్టండి.

ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి, సముద్రం దగ్గరైతే వారానికోసారి ప్యానెల్ తుడవాలి. పొద్దున్నే, గాజు వేడెక్కకముందే. ముందు మగ్గుతో నీళ్ళు పోసి దుమ్ము నానాక మెత్తటి తడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుంది. గిన్నెలు తోమే పీచు అసలే వద్దు. ఆ చేత్తోనే సెన్సర్ మొహం మీది సాలెగూడు తీసేయండి, అర్ధరాత్రి ఊరికే వెలుగుతోందంటే చాలాసార్లు సాలీడో బల్లో కారణం. మృగశిర కార్తె రాకముందు ఒకసారి వెనక స్క్రూలు బిగించి, రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. సంక్రాంతికి ఇంటికి సున్నమో రంగో వేయించేటప్పుడు లైటు విప్పి పక్కన పెట్టండి, లేదా కవరు కట్టండి. ప్యానెల్ మీద ఎండిన పెయింటు చుక్క గీకితే గీత, వదిలేస్తే నీడ.

తుపాను హెచ్చరిక వస్తే లైటు, ప్యానెల్ రెండూ విప్పి లోపల పెట్టుకోండి. గాలి తగ్గాక బయటికి తెచ్చి ఎండలో పెడితే ఆ రాత్రికి పనికొస్తాయి.

వెలుగు తగ్గిందా? ముందు ప్యానెల్ తుడిచి, ఒక రోజు నిండు ఎండ తగలనిచ్చి చూడండి. పగలు ప్యానెల్‌ను అరచేత్తో పూర్తిగా మూయండి. వెలిగితే లోపలి సర్క్యూట్ బాగానే ఉన్నట్టు. ఎండ తిన్న రోజు కూడా ఎనిమిది, తొమ్మిదికే ఆరిపోతుంటే సెల్ పని అయిపోయింది. సాయంత్రం వోల్టు మీటరు పెట్టి చూస్తే లిథియం అయాన్ సెల్ 4 వోల్టుల దగ్గర చూపించాలి, ఐరన్ ఫాస్ఫేట్ 3.3 దగ్గర.

కొత్త సెల్ పాతదాని రకానిదే కావాలి. 3.2 వోల్టుల చోట 3.7ది పెట్టినా, 3.7 చోట 3.2ది పెట్టినా చార్జింగ్ లెక్క తప్పుతుంది. మొదటి దాంట్లో కొత్త సెల్ ఎప్పటికీ నిండదు, రెండో దాంట్లో చార్జింగ్ ఎక్కువై ప్రమాదం. 18650 మీద 5000, 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది అబద్ధం, ఆ సైజులో 3500 చుట్టూ రావడమే గొప్ప. అనుమానం ఉంటే తూకం వేయించండి. అసలు సెల్ 45 గ్రాముల దగ్గర తూగుతుంది, నకిలీ అంతకన్నా బాగా తేలిగ్గా ఉంటుంది. సెల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె ఉన్నదే తీసుకోండి.

తీసేసిన పాత సెల్ రెండు కొనలకూ టేపు చుట్టి, పిల్లలకు అందకుండా విడిగా ఉంచి, బ్యాటరీలు తీసుకునే షాపులోనో మున్సిపాలిటీ ఈ-వ్యర్థాల సేకరణలోనో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. మేకుతో పొడవొద్దు. పాత సామాన్లతో పాటు భోగి మంటలో వేయొద్దు, ఆ సెల్ మంటలో పేలుతుంది.